ముందు సీటు

మా నాన్న కారులో ముందు సీటు నాది. అమ్మకి ఎదురుగా వచ్చే లారీలంటే భయం, అందుకని ఎప్పుడూ వెనకే కూర్చునేది. నాకు కాళ్ళు నేలకి ఆనని వయసు నుంచీ ఆ సీటులో నేనే. దాన్ని వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వచ్చింది నా పద్దెనిమిదో ఏట. అసూయ గురించి నాకు తెలిసినదంతా ఆ ఏడాది నేర్చుకున్నదే.

పన్నెండో తరగతి లెక్కల్లో నాకొచ్చిన మార్కులు చూసి, దుబాయ్‌లోని యూనివర్సిటీ వాళ్ళు నేరుగా డిగ్రీలో చేర్చుకోవడం కుదరదన్నారు. నేను అడిగింది కంప్యూటర్ నెట్‌వర్కింగ్, సైబర్ సెక్యూరిటీ. ముందు ఒక ఏడాది ఫౌండేషన్ చదివి పాసైతే అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరమట. నాతో చదివినవాళ్ళు ఇంజినీరింగ్‌లో చేరి ఫొటోలు పెడుతుంటే, నేను మళ్ళీ ఇంగ్లిష్, మళ్ళీ లెక్కలు. హ్యాకింగ్ నేర్పుతారని ఆశపడి వెళ్ళిన నాచేత మొదటి వారం 'నా దినచర్య' అని వ్యాసం రాయించారు.

క్లాసులు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కూడా చేరాలని ఆ వేళలు పెట్టారు. ఆ వ్యాసం రాసిన రోజే నేనతన్ని గమనించాను. నా పక్క బల్ల, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, చేతి వేళ్ళ మీద మాత్రం సన్నటి కోతలు. మా ఇంగ్లిష్ మేడమ్ అతని వ్యాసం క్లాసులో చదివి వినిపించింది. తెల్లవారకముందే లేచి షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపులో స్నానానికి వరసలో నిలబడటం, కంపెనీ బస్సులో సైటుకి వెళ్ళడం, కొత్త బిల్డింగుల్లో నెట్‌వర్క్ కేబుళ్ళు లాగడం, రెండింటికి పని దిగి చొక్కా మార్చుకుని క్లాసుకి రావడం. ఇంగ్లిష్ నిండా తప్పులు. అయినా క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేను పదకొండింటికి లేస్తానని రాసిన వ్యాసం ఎవరూ చదవలేదు. ఒక మనిషి కష్టాన్ని చూసి కూడా కుళ్ళుకోవచ్చని ఆ రోజు తెలిసింది.

అతనిది నిజామాబాద్ వైపు పల్లె. నేను తెలుగువాణ్ణని తెలియగానే కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"మంచిగైంది తమ్మీ. ఈడ గంటకొకసారన్నా తెలుగు ఇనవడ్తది" అన్నాడు.

నేను నవ్వాను. 'అన్నా' అని మాత్రం పిలవలేదు. ఆ ఏడాది పొడుగునా ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాను.

ల్యాబులో అతను నాకు మరీ చేదయ్యాడు. కేబుల్ కొనకి ప్లగ్గు బిగించడం మా మొదటి పని. లోపల ఎనిమిది రంగుల సన్నటి తీగలుంటాయి, వాటిని ఒకే వరసలో పేర్చి ప్లగ్గులోకి తోసి, పట్టకారులాంటి పరికరంతో నొక్కాలి. నాకు అరగంట పట్టేది, అప్పటికీ ఏదో ఒక తీగ తప్పుకునేది. అతను "ఆరెంజ్ కా సఫేద్, ఆరెంజ్, గ్రీన్ కా సఫేద్, బ్లూ" అని సైటులో నేర్చుకున్న హిందీ లెక్క గొణుక్కుంటూ నిమిషంలో ముగించేవాడు. సూడాన్ నుంచి వచ్చిన మా ల్యాబ్ మాస్టారు అతన్ని "ముఅల్లిం" అనేవాడు. అరబీలో గురువు అని. గల్ఫులో పనితనం ఉన్న మేస్త్రీని అలా పిలుస్తారు. చదువు చెప్పే మనిషి తన విద్యార్థిని గురువా అంటుంటే, పక్కన తీగలు చిక్కుపడేసుకుని కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక్క విషయంలో అతనికంటే నేను నయం. స్విచ్ అని ఒక పెట్టె ఉంటుంది, కంప్యూటర్లన్నీ దాని ద్వారానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఏ కంప్యూటర్ ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడకూడదో దానికి కీబోర్డు మీద టైపు చేసి చెప్పాలి. చెప్పినదంతా చివర్లో ఒక లైను కొట్టి సేవ్ చేయాలి. చేయకపోతే కరెంటు పోగానే స్విచ్ అన్నీ మర్చిపోయి, కొత్తదానిలా మొదటికొస్తుంది. అతను అంతా సరిగ్గా చేసి ఆ చివరి లైను మర్చిపోయేవాడు. వారానికి రెండుసార్లైనా.

"కేబులు ఒక్కసారి గుద్దినంక కరెంటు వోయినా ఆడనే ఉంటది గద తమ్మీ. గీ స్విచ్చుకేం రోగం" అనేవాడు. ఏడేళ్ళు గోడల్లో తీగలు బిగించిన చేతులు. చేసిన పని చేసినచోట ఉండకపోవడం ఆ చేతులకి ఎక్కలేదు.

ఉపాయం చెప్పింది నేనే. అతను సేవ్ చేయకుండా లేవబోతే నేను బల్ల మీద వేలితో రెండుసార్లు కొడతాను, సేవ్ చేశావా అని అర్థం. అతనికి ఆ ఉపాయం తెగ నచ్చింది. అప్పటి నుంచి నేను లేచేటప్పుడు అతనూ కొట్టేవాడు, నాకు అవసరం లేకపోయినా.

మా ఇల్లు అజ్మాన్‌లో. నాన్న దుబాయ్‌లో ఆఫీసు ముగించుకుని, ఎనిమిదింటికి నన్ను ఎక్కించుకుని వెళ్ళేవారు. ఒకరోజు అతను బస్టాపులో నిలబడి ఉంటే నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. అతనే చెయ్యి ఊపాడు. నాన్న కారాపి వివరాలు అడిగారు. సజ్జా అనగానే, "మేం వెళ్ళే దారే కదయ్యా, ఎక్కు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఒరేయ్, నువ్వు వెనక్కెళ్ళు. పొద్దున్నించీ నిలబడి పనిచేసినవాడు, కాళ్ళు చాపుకుంటాడు" అన్నారు.

వెనక్కెళ్ళాను. మర్నాడూ వెనకే. వారం తిరిగేసరికి అదే ఆనవాయితీ అయిపోయింది. నాన్న ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడే మనిషి కాదు. ఆ కారులో మాత్రం అతని ఊరు, అతని చెల్లెలి చదువు, పెద్ద బిల్డింగులో ఒక్కో అంతస్తుకి ఎన్ని తీగలు పోతాయి, అన్నీ అడిగి చెప్పించుకునేవారు. నా చదువు గురించి అన్ని ప్రశ్నలు నన్నెప్పుడూ అడగలేదు. అతను 'సార్' అంటే, "సారేంటయ్యా" అని నాన్న కోప్పడ్డారు. అతను తమ వైపు అలవాటు ప్రకారం "కాకా" అన్నాడు. నాన్న పకపకా నవ్వారు. వెనక చీకట్లో నేను కళ్ళలో నిప్పులు పోసుకుంటూ కూర్చున్నాను. బల్ల మీద కొట్టే ఉపాయం గురించి కూడా అతనే చెప్పాడు, "తమ్మి కొట్టకుంటె నా పని ఖలాసే కాకా" అని. నాన్న అద్దంలోంచి నన్ను చూసి మెచ్చుకోలుగా తలూపారు. ఆ మెప్పు కూడా అతని చేతుల మీదుగానే రావాలా అనిపించింది.

శుక్రవారాలు అతను మా ఇంటికి భోజనానికి రావడం మొదలైంది. అమ్మ చేసిన గోంగూర పచ్చడి మూడుసార్లు వడ్డించుకుంటే అమ్మ మురిసిపోయింది. పరీక్షల ముందు శుక్రవారం అన్నం తింటూ అసలు సంగతి చెప్పాడు.

"మా ముదీర్ ఒక్క సాలే అన్నడు చిన్నమ్మా. గీ ఏడు పాసైతె డిగ్రీ అయ్యేదాంక పొద్దటి డ్యూటీనే. ల్యాబ్ పరీక్ష తప్పితె మల్ల ఐకాడ్ సైటుకే. ఆడికి వోతె సదువు లేదు ఏం లేదు."

ముదీర్ అంటే మేనేజరు, ఐకాడ్ అంటే అబుదాబి శివార్లలోని ముసఫ్ఫాలో ఫ్యాక్టరీల ప్రాంతం. అక్కణ్ణుంచి సాయంత్రం దుబాయ్ క్లాసుకి రావడమన్నది జరిగే పని కాదు.

అతను వెళ్ళాక నాన్న చెయ్యి తుడుచుకుంటూ అన్నారు, "వాణ్ణి చూసి నేర్చుకోరా. వాడికి నీకున్న వసతుల్లో సగం ఉంటే ఎక్కడుండేవాడో." మామూలుగానే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి నేను కోరుకున్నది ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అతను తప్పాలని కోరుకున్నాను.

ల్యాబ్ పరీక్ష రెండు గంటలు. పని పూర్తయినవాళ్ళు చెయ్యెత్తాలి. మాస్టారు వచ్చి స్విచ్‌కి కరెంటు తీసి మళ్ళీ పెడతాడు. అప్పుడు కంప్యూటర్లు ఒకదాన్నొకటి పలకరిస్తే పాస్, లేకపోతే లేదు. మళ్ళీ రాయాలంటే వచ్చే ఏడాదే.

కేబుళ్ళు అతను ఎప్పట్లాగే ముందు ముగించాడు. తర్వాత టైపింగ్. నాకింకా రెండు మూడు లైన్లు మిగిలి ఉండగా అతను కుర్చీలో వెనక్కి వాలాడు. నా కళ్ళు అతని స్క్రీన్ మీదికి వెళ్ళాయి. చివరి లైను లేదు. స్క్రీన్ పైనుంచి కిందికి రెండుసార్లు చూశాను, లేదు. అతను నా వైపు చూశాడు. నా చెయ్యి బల్ల మీదే ఉంది. నేను నా స్క్రీన్ వైపు తిరిగి, ఏదో తీరిక లేనట్టు టైపు చేస్తూ పోయాను. నేను కొట్టలేదు కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకున్నాడు. చెయ్యెత్తాడు.

"యల్లా, ముఅల్లిం" అని, కానిద్దాం అన్నట్టు మాస్టారు నవ్వుతూ వచ్చి కరెంటు తీశాడు, పెట్టాడు. స్విచ్ తీరిగ్గా లేచి, పెట్టెలోంచి అప్పుడే తీసినదానిలా, మొదటి నుంచీ అన్నీ అమర్చాలా అని అడిగింది. మాస్టారి నవ్వు ఆగిపోయింది. స్క్రీన్ మీదికి వంగి, "సేవ్ చేయలేదా?" అని ఇంగ్లిష్‌లో మెల్లగా అడిగాడు. అతను లేచాడు. సంచి భుజాన వేసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తిడతాడనుకున్నాను. వేలితో రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయాడు.

చూసుకుంటే నేనూ సేవ్ చేయలేదు. పావుగంటగా నా ధ్యాసంతా అతని స్విచ్ మీదే ఉంది. గబగబా ఆ లైను కొట్టి, చెయ్యెత్తి, పాసయ్యాను. ఇవాళ నెట్‌వర్కుల భద్రత చూసే ఉద్యోగంలో జీతం తీసుకుంటున్నది ఆ రెండు దెబ్బల మీదే. తర్వాతి వారం అతన్ని ఐకాడ్‌కి మార్చారు. ఫోన్ చేసి చెప్పాడు, కాకాని, చిన్నమ్మని అడిగానని చెప్పమన్నాడు. ఎందుకు కొట్టలేదని మాత్రం అడగలేదు. ఆ స్థానంలో నేనుంటే పక్కవాడి బల్ల మీద కొట్టి వెళ్ళేవాణ్ణి కాదు. అందుకే అతనంటే నాకు ఇప్పటికీ అసూయే.

పరీక్ష రోజు సాయంత్రం నాన్న వచ్చేసరికి నేనొక్కణ్ణే ఉన్నాను. వెనక తలుపు తీస్తే, "ముందుకి రా, వాడేడీ?" అన్నారు. వెళ్ళి కూర్చున్నాను.

"బస్సులో వెళ్ళిపోయాడు. ల్యాబ్ పోయింది. సేవ్ చేయడం మర్చిపోయాడట."

నాన్న ఇంజను ఆపేశారు. "పక్కనే ఉన్నావు కదరా."

"పరీక్షలో మాట్లాడకూడదు నాన్నా."

"మాట్లాడమని ఎవరన్నారు? బల్ల మీద కొడితే సరిపోయేది కదా."

నేను సీటు బెల్టు పెట్టుకున్నాను. ఆయన కారు తీశారు. సజ్జా మలుపు దగ్గర అలవాటు కొద్దీ కారు నెమ్మది చేసి, పక్కకి తిరిగి నన్ను చూసి, మళ్ళీ వేగం పెంచారు.