కూటి పళ్లెం, సూది పళ్లెం

మా గురువు డాక్టర్ సువార్తమ్మ గారు ఇక లేరు. విజయనగరంలోని తమ ఇంట్లో ఉదయం కాఫీ తాగి, వరండాలో పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఫోనులో ఆ కబురు విన్నప్పుడు నేను అరసవల్లిలో ఆటోల మధ్య స్కూటరు ఆపుకుని నిలబడి ఉన్నాను. చెప్పినాయన మీద నాకు కోపం వచ్చింది. మొన్ననే నన్ను ఫోనులో తిట్టిన మనిషి ఎలా పోతుందని ఆయనతో వాదానికి దిగాను. దుఃఖం తర్వాత వచ్చింది.

గరివిడిలో ఒక బాప్టిస్టు కుటుంబంలో జన్మించి, వైద్యవిద్యను అభ్యసించి, వ్యాధివ్యాప్తి శోధనకే జీవితాన్ని అంకితం చేసిన విదుషీమణి ఆమె. ఒక జబ్బు ఎవరి నుంచి ఎవరికి, ఏ దారిన పాకిందో కనిపెట్టడమే ఆమె పని. "నా పేరు సువార్త. నాను తెచ్చేవన్నీ పాజిటివ్ రిపోర్టులు," అని తన మీద తనే నవ్వుకునేవారు. పదవీ విరమణ తర్వాత కూడా ఎక్కడో జబ్బు పాకుతోందని వింటే చాలు, చెప్పులు వేసుకుని బయల్దేరేవారు. శిష్యుడిగా నేను దగ్గరుండి చూసిన ఒక్క సంగతి చెబితే ఆమె ఎలాంటి మనిషో తెలుస్తుంది.

శ్రీకాకుళం తీర మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఎంత పీడిస్తున్నదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అక్కడి ఒక చిన్న డయాలసిస్ కేంద్రంలో కొందరికి హెపటైటిస్ సి సోకింది. రక్తం ద్వారా పాకి, మెల్లమెల్లగా కాలేయాన్ని పాడుచేసే వైరస్ అది. అందరికన్నా ముందు బయటపడింది అప్పలనరసమ్మకి. ఎండుచేపలు అమ్ముకుని బతికిన మనిషి. ఇంకేముంది, జబ్బు ఆమే తెచ్చిందన్నారు. తోటి రోగులు ఆటోలోంచి దింపేశారు. ఇంట్లో కోడలు ఆమె పళ్లెం వేరుచేసి పెరటి గోడ మీద బోర్లించింది. ఆ అవమానం భరించలేక అప్పలనరసమ్మ డయాలసిస్‌కి రావడం మానేసింది. మానేస్తే ఎన్నాళ్లో బతకదని ఆమెకీ తెలుసు.

ఆ సంగతి విని సువార్తమ్మ గారు మండిపడ్డారు.

"ఒరే సూర్యం, ముందు బయటపడ్డ మనిషి ముందు తెచ్చిన మనిషైపోద్దేటిరా? సేరినప్పుడు చేసిన పరీక్షలో ఆవిడికి లేదు కదా. అంటే ఇక్కడే అంటుకున్నాది. ఎలాగంటుకున్నాదో సూద్దాం, పద."

మొదట మా అనుమానం యంత్రాల మీద. ఎవరిది ఏ మంచమో, ఏ యంత్రమో రిజిస్టరులో చూసి పెద్ద అట్ట మీద గీతలు గీశాను. ఒక్కటీ కుదరలేదు. ఒకే యంత్రం వాడినవాళ్లలో ఒకరికి జబ్బుంది, మరొకరికి లేదు. నేను నీరుగారిపోయాను. ఆమెకు మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చింది. "కుదరకపోతే మంచిదేరా. మనం తప్పు ప్రశ్న అడిగినామన్నమాట," అంటూ నన్ను బయటికి లాగి, రోగులు ఊళ్లకు తిరిగి వెళ్లే ఆటో ఎక్కించి, తానూ ఇరుక్కుని కూర్చున్నారు.

ఆ ఆటోలో గవరయ్య అనే ముసలాయన ఉన్నాడు. వైరస్ ఆయనకీ సోకింది. అప్పలనరసమ్మను దింపేసిన వాళ్లలో ఆయనా ఒకడు. సువార్తమ్మ గారు ఆయన్ని మంచం సంగతే అడగలేదు.

"అన్నా, అంతసేపు పడుకుంటావు కదా, ఎవులితోటి కబుర్లాడతావు?"

"మా వియ్యంకుడితోటమ్మా. పేరుకి నాది కిటికీ కాడ మంచం. ధర్మారావు బాబు మంచోడు. మా ఊరోళ్లందర్నీ పక్కపక్కనే పడుకోబెడతాడు."

ధర్మారావు అక్కడి టెక్నీషియన్. ఆమె ఇంకా మెల్లగా అడిగారు. "మరి మీ సూదులూ, మందులూ?"

"మాకందరికీ ఒకటే పళ్లెం. మొదట్లో ఆ బాబు ఏరేఏరే పెట్టేవోడు. నానే తిట్టినాను. ఒక ఊరోళ్లం, సుట్టాలం, ఏరే పళ్లెం పెడతావేటి, మమ్మల్నేటైనా ఎలేసినావేటి అన్నాను."

ఆమె చెయ్యి నా మోకాలిని గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తొచ్చి నా ఒళ్లు పులకరిస్తుంది. పళ్లెం వేరుచేయడమంటే మా వైపు మనిషిని వెలివేయడమే. అందుకే ధర్మారావు పెద్దాయన మాట కాదనలేక, ఒక ఊరివాళ్లకి ఒకే ట్రే పెట్టడం మొదలుపెట్టాడు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు సీసా ఆ ట్రేలో ఒకటే ఉండేది. ఒకరికి వాడిన సిరంజీ మళ్లీ ఆ సీసాలో దిగితే, తర్వాతివాడికి మందుతో పాటు వైరస్ కూడా ఎక్కుతుంది.

మర్నాడు అట్ట మీది మంచాల గీతలన్నీ కొట్టేసి, ఎవరు ఎవరితో కబుర్లాడతారో ఆ ప్రకారం గీతలు గీశాం. జబ్బు సోకినవాళ్లంతా ఒక్క పళ్లెం చుట్టూ చేరారు. అప్పలనరసమ్మదీ, గవరయ్యదీ అదే పళ్లెం. తర్వాత విశాఖలో చేయించిన పరీక్షల్లో కూడా వాళ్ల వైరస్‌లు ఒకే కుదురువని తేలింది. ఆ అట్టను చూస్తూ మేమిద్దరం పరీక్ష పాసైన పిల్లల్లా నవ్వుకున్నాం.

ధర్మారావు తల దించుకుని నిలబడితే ఆమె తిట్టలేదు. "నీ మర్యాద మంచిదే బాబూ. రక్తానికి మర్యాద తెల్దు," అన్నారంతే. ఆ రోజు నుంచి ఎవరి ట్రే వారిది, ఎవరి సీసా వారిది. సిరంజీ ఒకసారి వాడితే పారేయడమే.

నివేదిక రాద్దామని నేను కూర్చుంటే, నన్ను లేపి అప్పలనరసమ్మ ఇంటికి తీసుకెళ్లారు. ఆమె మొహం ఉబ్బిపోయి, ఆయాసపడుతూ గుమ్మంలో కూర్చుని ఉంది. సువార్తమ్మ గారు సరాసరి పెరట్లోకి వెళ్లి, గోడ మీద బోర్లించిన పళ్లెం తెచ్చి కోడలి చేతికిచ్చారు.

"ఆకలేస్తన్నాది, కాస్త అన్నం ఎట్టమ్మా. మీ అత్తకీ నాకూ ఇందులోనే."

ఇద్దరూ ఒకే పళ్లెంలో ఎండుచేపల కూరతో తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ సువార్తమ్మ గారు కోడలితో అన్న మాట నేను నా విద్యార్థులకు ఏటా చెబుతాను. "ఇది తిండిలో రాదమ్మా. కూటి పళ్లెం కలుపుకోండి. సూది పళ్లెం ఇడదీసుకోండి."

ఆ సాయంత్రమే అప్పలనరసమ్మ డయాలసిస్‌కి ఆటో ఎక్కింది. గవరయ్య పక్కకు జరిగి, ఆమె మొహంలోకి చూడలేక రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ వైరస్‌కి ఇప్పుడు మంచి మాత్రలున్నాయి. కొన్ని నెలలు వాడాక ఇద్దరికీ తగ్గిపోయింది.

'తీరని లోటు' అని ఎవరి గురించి రాసినా సువార్తమ్మ గారు నవ్వేవారు. "లోటు ఎక్కడున్నాదో గీత గీసి సూపించరా," అనేవారు. నా ఆచార్యురాలికి అశ్రుపూరిత నమస్కారం చేసి ఊరుకుంటే ఆమె నన్ను క్షమించరు. అందుకని చూపిస్తాను.

సమాధి కార్యక్రమం అయ్యాక నేను ఆ డయాలసిస్ కేంద్రానికి వెళ్లాను. అప్పలనరసమ్మ తన మంచం మీద ఉంది. కబురు అప్పటికే చేరింది. ధర్మారావు ఆమె పేరు రాసిన ట్రే తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె దాన్ని ఒకసారి తడిమి చూసి నా వైపు తిరిగింది.

"నా పళ్లెం నాకున్నాది బాబూ. నా పళ్లెంలో తిన్న మడిసే లేదు."