నర్సమ్మ స్టూడియో డిస్కు

2023 ఎండాకాలం. నరసన్నపేట బజారు రోడ్డులో నా కంప్యూటర్ రిపేరు షాపు తెరిచి అప్పటికి పదేళ్ళు దాటింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లమా చదివి, శ్రీకాకుళంలో ఒక సర్వీస్ సెంటర్లో కొన్నాళ్ళు పనిచేసి, తర్వాత సొంతంగా షట్టర్ ఎత్తాను. మొదట్లో ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళే "హేమా మేడం ఉన్నారా" అని అడుగుతూ వస్తున్నారు.

రిపేర్లతో పాటు నాకు ఎక్కువగా వచ్చే పని ఇంకొకటుంది. పాత సిస్టం తెచ్చి బల్ల మీద పెట్టి, "దీన్ని అమ్మీమంటారా, ఎవులికైనా ఇచ్చీమంటారా, పారీమంటారా" అని అడుగుతారు. నేను దాని వయసు చూస్తాను. ఏ పార్టు బతికుందో, ఏది పోయిందో చూస్తాను. మదర్‌బోర్డు బాగుంటే అమ్మొచ్చు. నిదానంగా నడిచినా నడుస్తుందంటే చదువుకునే పిల్లలకి ఇవ్వొచ్చు. కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె దగ్గర్నుంచి అన్నీ పోతే ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే లైసెన్సున్న వాళ్ళకి పంపించాలి. ఇంతే లెక్క అనుకునేదాన్ని, అప్పలనర్సమ్మ గారి స్టూడియో పని వచ్చేదాకా.

నర్సమ్మ గారికి యాభై అయిదేళ్ళుంటాయి. భర్త వరి పండిస్తాడు, ఆవిడ ఫొటోలు తీస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడ ఒక్కతే ఆడ ఫొటోగ్రాఫర్. అందుకే పెద్దమనిషి ఫంక్షన్లకీ, సీమంతాలకీ, పెళ్ళిచూపుల ఫొటోలకీ ఆవిడనే పిలిచేవాళ్ళు. మగవాడి కెమెరా ముందు బిగుసుకుపోయే అమ్మాయిలు ఆవిడ ముందు నవ్వేవారు. సముద్రం ఒడ్డు పేటల నుంచి కూడా గుర్తింపు కార్డు ఫొటోలకి ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఫోన్లు వచ్చాక స్టూడియో నడవడం కష్టమైంది. దానికి తోడు బిల్డింగు షావుకారు పాత కట్టడం కూల్చి కొత్తది కడతానని, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. సామాను కొనేవాణ్ణి కూడా ఆయనే చూపించాడు. మూర్తి అని విశాఖపట్నం నుంచి వచ్చి పాత సిస్టాలు కొనుక్కుపోయే బ్రోకరు. నాకూ తెలిసినవాడే. నేను వాడే సెకండ్ హ్యాండ్ మానిటర్లు, ర్యాములు అతను వేసేవే.

"ఓపాలి వచ్చి సూడమ్మా, దీనికేటి వస్తాదో నాకు తెల్దు," అని నర్సమ్మ గారు పిలిస్తే వెళ్ళాను. మూర్తి అప్పటికే అక్కడున్నాడు. కంప్యూటరు, ప్రింటరు, లైట్లు, గొడుగులు, వెనక కట్టే తెరలు, అన్నీ కలిపి ఒకే లాటుగా తీసుకుంటానన్నాడు. అతను చెప్పిన ధర విని నేను మళ్ళీ కంప్యూటర్ వైపు చూశాను. అందులో అంత సరుకు లేదు.

"కాకపోతే ఒక్కటి మేడం. సిస్టం ఉన్నది ఉన్నట్టు కావాలి. ఫార్మాట్ కొట్టకండి," అన్నాడు మూర్తి.

ఇక్కడ చదివేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. కంప్యూటర్లో ఉన్నవన్నీ హార్డ్ డిస్కు మీద రాసి ఉంటాయి. మనం డిలీట్ నొక్కితే చెరిగేది పుస్తకం అట్ట మీద పేరు లాంటిదే, లోపలి పుటలు అలాగే ఉంటాయి. ఫార్మాట్ కొట్టినా చాలాసార్లు అంతే, పనితెలిసినవాడు తిరిగి పైకి తీస్తాడు. నిజంగా తుడవాలంటే డిస్కు మొదటి నుంచి చివరిదాకా పైన వేరే అంకెలు రాయాలి. పాత సిస్టం కొనేవాడు మామూలుగా ఖాళీ డిస్కునే కోరుకుంటాడు. వద్దనేవాణ్ణి నేను అంతవరకూ చూడలేదు.

"డిస్కులో మీకేం పని?" అని అడిగాను.

అతను దాచలేదు. "పాత స్టూడియోల డిస్కులకి ఇప్పుడు గిరాకీ ఉంది మేడం. మొహాలు కావాలంటారు. అన్ని వయసులవీ, అన్ని రకాల వెలుతురులోవీ. కంప్యూటర్‌కి మొహాలు నేర్పేవాళ్ళు అడుగుతారు. పెళ్ళి సంబంధాల పేజీలు నడిపేవాళ్ళు అడుగుతారు. ఎవరేం చేసుకుంటారో నేను అడగను."

నర్సమ్మ గారు అప్పటిదాకా లైట్ల వైర్లు చుట్టుకుంటూ ఉంది. "ఏ మొహాలు బావూ?" అంది.

"మీరు తీసినవేనమ్మా."

ఆవిడ చుట్టిన వైరు పక్కన పెట్టింది. రేపు చెప్తానని అతన్ని పంపించేసింది.

మర్నాడు నేను షాపు తీసేసరికే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. రాత్రంతా ఆలోచించానంది. ఆ డిస్కులో పన్నెండేళ్ళ పిల్లలు ఓణీలు కట్టుకుని కూర్చున్న ఫొటోలున్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళవి ఉన్నాయి. సంబంధం కుదరక మళ్ళీ మళ్ళీ వచ్చి తీయించుకున్న అమ్మాయిలవి ఉన్నాయి.

"డిస్కు నేను శుభ్రంగా తుడిచి ఇస్తాను. మిగతా సామాను అమ్ముకోండి," అన్నాను.

అక్కడినుంచే మూర్తికి ఫోన్ చేశాం. డిస్కు లేకపోతే లాటు వద్దన్నాడు. తెర ముక్క కూడా తీసుకోనన్నాడు. మూర్తి చెప్పాడేమో, వెంటనే ఆవిడకి షావుకారు ఫోను వచ్చింది. వచ్చిన బేరం చెడగొట్టుకుంటే నెలాఖరున సామాను రోడ్డు మీద ఉంటుందని చెప్పాడు.

నర్సమ్మ గారు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి నా వైపు చూసింది. "ఆ మొహాలు నాయేటి? నాయి కానివి నానెలగ అమ్ముతాను? బేరం ఒగ్గీ తల్లీ. నా సామాను నాను నెత్తినెట్టుకుని ఇంటికి మోసుకుపోతాను." ఆ మాట షావుకారుకి కూడా వినిపించే ఉంటుంది, ఫోన్ ఇంకా పెట్టలేదు.

ఆ సాయంత్రం మూర్తి నాకు ఫోన్ చేశాడు. "మీరే ఆవిడకి ఎక్కించారు. ఇకమీదట నా దగ్గర్నుంచి మీకు సరుకు రాదు." నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ఆ మానిటర్లు లేకపోతే నా షాపులో సగం పని ఆగిపోతుంది. కానీ అతను ఇంకో మాట అన్నాడు: "పల్లెటూరి మొహాలు, ఎవడు గుర్తుపడతాడు మేడం?" మా అక్క పెళ్ళి ఫొటోలు తీసింది నర్సమ్మ గారే. నావి కూడా ఆ డిస్కులో ఉన్నాయి. "అయితే రానివ్వకండి," అని పెట్టేశాను.

తుడిచేముందు ఎవరి ఫొటోలు వాళ్ళకి ఇచ్చెయ్యాలని నర్సమ్మ గారు పట్టుబట్టింది. స్టూడియో గుమ్మానికి ఒక అట్ట కట్టింది. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే ఫొటోలు ఎక్కిస్తాం, లేనివాళ్ళకి ఫోన్లోకి పంపిస్తామని చెప్పింది. నేను నా షాపు మధ్యాహ్నాలు మూసి అక్కడ కూర్చున్నాను.

జనం వచ్చారు. చిన్న పిల్లల్ని చంకనేసుకుని, పొలం నుంచి నేరుగా కొందరు, బజారుకొచ్చి అటునుంచటే కొందరు. గౌరి అనే అమ్మాయి శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వచ్చింది. ఏడాది క్రితం భర్తని వదిలేసి బట్టల షాపులో పని చేసుకుంటోంది. పెళ్ళి ఆల్బం తెరిచి చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకవి అక్కర్నేదు. నా కళ్ళెదర తీసీండి. అందుకే వచ్చినాను."

తీసేశాం. ఫోల్డరు ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసింది. ఆ పెళ్ళికి ముందు తీసిన ఫొటో ఒకటి, తను ఒక్కతే ఉన్నది, మాత్రం ఫోన్లోకి ఎక్కించుకుని వెళ్ళింది.

ఎర్రమ్మ చేపలమ్ముతుంది. బజారులో తట్ట దించి నేరుగా వచ్చింది. కూతురి ఫంక్షన్ ఫొటోలు తీసుకుంటూ, అసలు ఈ హడావుడి ఎందుకని అడిగింది. నర్సమ్మ గారు మూర్తి సంగతి చెప్పింది. ఎర్రమ్మ కొంగు దోపుకుంది. వెళ్ళకుండా ఒక మూల కూర్చుంది. "ఆడు మల్లీ వస్తాడు. సూసెల్తాను," అంది.

వచ్చాడు. షావుకారుని వెంటబెట్టుకుని, నెలాఖరు ఇంకా రాకముందే. లోపల ఏడెనిమిది మంది ఆడవాళ్ళున్నారు. షావుకారు గుమ్మంలోనే ఆగిపోయాడు. మూర్తి లోపలికొచ్చి మర్యాదగానే మాట్లాడాడు.

"నర్సమ్మ గారూ, కెమెరా మీది, కంప్యూటరు మీది, ఫొటోలు తీసింది మీరు. అమ్ముకునే హక్కు మీదే. ఇందులో తప్పేముంది?"

నర్సమ్మ గారు కుర్చీలోంచి లేవలేదు. "తీసింది నానే. 'బయం నేదమ్మా, నానూ ఆడమనిసినే కదా' అని కొంగు సర్ది కూకోబెట్టింది నానే. ఆ మాట నమ్మి నవ్వినారు. కెమెరా అమ్ముతాను, కుర్సీ అమ్ముతాను. ఆ మాట అమ్మను."

"అమ్మా, ఆలోచించండి. ఈ లైట్లు ఇంకెవరూ కొనరు."

"కొనకపోతే నా ఇంట్లో ఎలిగించుకుంటాను. నీకేటి?"

ఎర్రమ్మ అప్పుడు లేచింది. "బావూ, నా కూతురి బొమ్మ ఎక్కడో ఎవుడి సేతిలోనో ఉన్నాదని తెలిస్తే, నాను ఒక్కదాన్నే రాను. మా పేటంతా వస్తాది. నీ ఇల్లు ఎక్కడో కనుక్కోడం మాకు కట్టం కాదు." గొంతు పెంచకుండా చెప్పింది. షావుకారు వైపు తిరిగి, "మీ మనవరాలి పంక్సన్ ఫొటోలు కూడా ఇందులోనే ఉన్నాయి కదేటి?" అని అడిగింది.

షావుకారు ఆ సంగతి మర్చిపోయినట్టున్నాడు. మొహం మారిపోయింది. "పద మూర్తీ," అన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఖాళీ చెయ్యడానికి ఇంకో పదిహేను రోజులు తీసుకోమన్నాడు. నర్సమ్మ గారు థాంక్స్ చెప్పలేదు. "నెలాకరికే ఎలిపోతాను. సెప్పినరోజుకే," అంది.

డిస్కు విషయంలో మా ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. పూర్తిగా తుడిచి వాడుకోవచ్చు, మంచి డిస్కు పాడుచెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆవిడ ఒప్పుకోలేదు.

"నువ్వు తుడిసినావంటే నాను నమ్ముతాను. ఈలందరూ ఎలగ నమ్ముతారు? కంటికి కనబడాల."

ఆవిడ మాటే సరైనదని ఒప్పుకున్నాను. ముందు తుడిచాను, తర్వాత పక్క వడ్రంగి దగ్గర డ్రిల్లు తెచ్చాను. హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళేలుంటాయి, రాతంతా వాటి మీదే. మూత విప్పి అవి అందరికీ చూపించాను. తమ మొహం వాటిలో కనబడుతుంటే కొందరు వంగి చూసుకున్నారు. డ్రిల్లు నేను పట్టుకోబోతే నర్సమ్మ గారు లాక్కుంది. నా చెయ్యి పైన ఆనించి పట్టుకున్నాను, నొక్కింది ఆవిడే. మొదటి రంధ్రం పడ్డాక ఆగి చెమట తుడుచుకుంది. తర్వాత ఎర్రమ్మ నొక్కింది. ఆ తర్వాత ఎవరెవరు నొక్కారో నాకు గుర్తులేదు, అక్కడున్న అందరూ నొక్కారనుకుంటాను. ఆ ముక్కల్ని హైవే పక్క చెత్తకుప్పలో వెయ్యనివ్వకుండా ఎలక్ట్రానిక్ చెత్త బండి వచ్చినప్పుడు ఇచ్చాను.

మిగిలిన సిస్టం పెట్టెలో ఒక చిన్న ఎస్ఎస్‌డి వేశాను. అది కొత్తరకం డిస్కు, తిరిగే పళ్ళేలుండవు, పాత సిస్టం కూడా దానితో చురుగ్గా లేస్తుంది. ఆ పెట్టె నర్సమ్మ గారి ఊరి బడికి వెళ్ళింది. పాడైంది దానం చేశామనిపించుకోకూడదని, వారం రోజులు నా బల్ల మీద నడిపి చూశాకే పంపాం.

కథ అంతా సుఖంగా ముగిసిందని చెప్పను. మూర్తి అన్నంత పనీ చేశాడు, సరుకు ఆపేశాడు. ఇప్పుడు మానిటర్ల కోసం నేనే విశాఖపట్నం బస్సెక్కుతున్నాను, ఖర్చు ఎక్కువ, ఒక్కోసారి ఖాళీ చేతులతో వస్తాను. నర్సమ్మ గారి లైట్లు చాలాకాలం వరండాలో గోనెసంచుల కింద ఉన్నాయి. చివరికి కొన్ని ఒక నాటక సమాజం వాళ్ళు తీసుకున్నారు, కొన్ని అలాగే ఉన్నాయి. స్టూడియో లేకపోయినా ఆవిడకి పిలుపులు ఆగలేదు. కెమెరా భుజాన వేసుకుని ఇళ్ళకే వెళ్తోంది. ఫొటోలు ఇచ్చాక తన దగ్గరున్నవి వాళ్ళ ముందే తీసేస్తోంది.

ఆ వేసవి తర్వాత నా పని తీరు మారింది. పాత సిస్టం ఎవరు తెచ్చినా ఎన్నేళ్ళదని ముందు అడగను. "ఇందులో ఎవరెవరున్నారు?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు కాస్త ఆలోచించి, మా ట్యూషన్ పిల్లల ఆధార్ కాగితాలున్నాయనో, మా డాక్టరు గారి పేషెంట్ల రిపోర్టులున్నాయనో చెప్తారు. మరి వాళ్ళని అడిగారా అని అడుగుతాను. అమ్మడమో, దానమో, పారెయ్యడమో తేల్చుకోవలసింది పెట్టె గురించి మాత్రమే. లోపలున్న మనుషుల్ని అమ్మే హక్కు పెట్టె యజమానికి లేదు, బాగుచేసే నాకూ లేదు.

డిస్కు తుడవకుండా నా షాపులోంచి ఏ సిస్టమూ బయటికి పోదు. ఉన్నది ఉన్నట్టు కావాలని గొడవపడేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. వాళ్ళతో వాదించను. బజారులో ఇంకా షాపులున్నాయని చెప్పి దారి చూపిస్తాను. వెళ్ళేవాళ్ళు వెళ్తారు.