ట్రెప్టో గారూ, తప్పుడు చంద్రుడూ

ట్రెప్టో గారికి బొమ్మలో మనుషులు కనపడరు. ఆకాశం ఒక్కటే కనపడుతుంది. అదీ తప్పుగా కనపడుతుంది.

రేవులో వాతావరణం నమోదు చేసే ఉద్యోగం నలభై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాడాయన. ఎవరైనా పెళ్లి ఫోటో చూపిస్తే పెళ్లికూతురి సంగతి వదిలేసి, "ఈ మబ్బుకి గంటలో వాన పడి ఉండాలే!" అంటాడు. పడిందట కూడా. అందుకే వాళ్లకి ఇంకా ఒళ్లు మండుతుంది.

అలాంటి మనిషి చేతిలో తాళంచెవి ఉన్న చోట బొమ్మల ప్రదర్శన పెట్టవలసి రావడం కుర్ర చిత్రకారిణి ఇమ్కె ఖర్మ. జర్మనీలో గ్రైఫ్స్‌వాల్డ్ అనే ఊరి రేవులో ఒక పాత ఉప్పు గోదాము ఉంది. జాలర్ల సంఘం దాన్ని మూడు వారాలు ఉచితంగా ఇచ్చింది. గోదాముతోపాటు ట్రెప్టో గారిని కూడా ఇచ్చింది.

చిత్రకారులు ఆరుగురు, అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. పూర్వకాలపు చిత్రకారులు కొండ అంచున, పొగమంచులో ఒంటరి మనిషిని నిలబెట్టి చూపించిన ఆ తీరని బెంగ ఈ రోజుల్లో ఎక్కడ ఉంటుందని వాళ్ల వెతుకులాట. టిల్‌కి అది పెట్రోలు బంకులో దొరికింది. ఇమ్కెకి పదో అంతస్తు బాల్కనీలో ఫోను పట్టుకుని నిలబడ్డ అమ్మాయిలో దొరికింది. అందరిలోకీ చిన్నదైన మరైకెకి సూపర్‌మార్కెట్ పక్కన బస్టాపులో దొరికింది. కోటు కప్పుకుని బస్సు కోసం చూస్తున్న నడివయసు ఆవిడ, వెనక సముద్రం, నీళ్లలో గాలిమరలు, వాటి మీద సన్నటి నెలవంక.

మరైకె సగం మాట పైకి అని, సగం మింగేసే పిల్ల. కిందటేడు వీళ్ల ప్రదర్శనకి మొత్తం పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు మరుగుదొడ్డి కోసం వచ్చారు. ఈసారి కూడా తన బొమ్మ ముందు ఎవరూ నిలబడకపోతే కుంచెలు ఎవరికైనా ఇచ్చేసి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరిపోతానని చెప్పింది. ఆ మాట మాత్రం మింగకుండా, పూర్తిగా చెప్పింది. ఇమ్కెకి భయం వేసింది అందుకే.

బొమ్మలు తగిలిస్తున్న రోజు ట్రెప్టో గారు గొడుగుతో సహా దిగబడ్డాడు.

"అమ్మాయీ, నీ బొమ్మలో ఈ మబ్బు ఏ రకం?"

"అది బెంగ మబ్బు, ట్రెప్టో గారూ," అంది ఇమ్కె నిచ్చెన మీంచి.

"అలాంటి రకం లేదు."

తర్వాత టిల్ మీద పడ్డాడు. "బంకు మీద జెండా ఇంత గట్టిగా ఎగిరే గాలిలో పొగమంచు నిలుస్తుందిటయ్యా? జెండా అయినా దించు, మంచు అయినా తీసెయ్!"

టిల్ ఏడుపు మొహంతో రంగులు తెచ్చుకుని అక్కడికక్కడే జెండా దించాడు.

మరైకె బొమ్మ ముందు ఆయన గొడుగు ఊతం చేసుకుని ఐదు నిమిషాలు వంగి చూశాడు. ఒంట్లో బాగా లేదేమోనని ఇమ్కె నిచ్చెన దిగింది. అప్పుడు గొడుగు పైకెత్తి అరిచాడు.

"ఈ చంద్రుడు తప్పు! సాయంత్రం నెలవంకకి వెలుగు కుడివైపు ఉంటుంది. ఈ పిల్ల ఎడమకి పెట్టింది!"

"కాదండీ, అది..." అంది మరైకె.

"మాట్లాడకు! నలభై ఒక్క ఏళ్లు చూశాను!" అని వంగి ఆ పిల్ల చెవిలో ఇంకేదో అన్నాడు. మరైకె రెండు చేతులతో మొహం కప్పుకుని బయటికి పరిగెత్తింది.

"పిల్లని ఏడిపించారు కదండీ!" అని మండిపడింది ఇమ్కె.

"తప్పుని తప్పనకూడదా?"

అక్కడితో ఆగితే ఆయన ట్రెప్టో గారెందుకవుతాడు? మర్నాడు పొద్దున్నే బేకరీ వరసలో ఇమ్కెకి ఆయన గొంతు వినపడింది. "చంద్రుణ్ణి తిరగేసిందండీ! నమ్మకపోతే వెళ్లి చూడండి. పదిన్నరకి తెరుస్తారు." మంగలి దుకాణంలో అదే మాట. చేపల బన్నుల బండి దగ్గర అదే మాట. బస్సులో అయితే డ్రైవరుకి కూడా చెప్పాడు, బస్సు నడుస్తుండగా.

"మీకు దణ్ణం పెడతాను, ఆ చంద్రుణ్ణి వదిలెయ్యండి," అంది ఇమ్కె.

"ఎలా వదలను? తప్పు కదా!"

నాలుగో రోజుకి జనం రావడం మొదలైంది. "ఆ తప్పుడు చంద్రుడెక్కడమ్మా?" అని గుమ్మంలోనే అడిగేవారు. ఆదివారానికి బయట వరస కట్టారు. వచ్చినవాళ్లు చంద్రుణ్ణి చూసి నవ్వేవారు. తర్వాత బస్టాపులో ఆవిణ్ణి చూసేవారు. నవ్వు ఆగిపోయేది. ఆ బస్సు డ్రైవరు టోపీ చేత్తో పట్టుకుని పావుగంట నిలబడ్డాడు. "ఈవిడ నాకు తెలుసు. పేరే తెలీదు," అన్నాడు.

ఇవన్నీ చూస్తున్నా ఇమ్కె కోపం చల్లారలేదు. ఎగతాళి చెయ్యడానికి వచ్చిన జనం ఒక లెక్కా అనుకుంది.

తొమ్మిదో రోజు రాడ్లోఫ్ గారని ఒకావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఫెర్రీ నడిపిన మనిషి. బొమ్మ చూసి అందరికీ వినపడేలా మొదలుపెట్టింది.

"ట్రెప్టో, నీకు కళ్లు పోయాయా? సముద్రం మనకి తూర్పున కదా ఉంది! తూర్పున నెలవంక ఉందంటే..."

ట్రెప్టో గారు ఆవిణ్ణి రెక్క పట్టుకుని స్తంభం వెనక్కి లాక్కుపోయాడు. స్తంభానికి ఇవతల ఇమ్కె గసగసాల కేకు కోస్తోంది.

"మెల్లగా! అది తెల్లవారుజామని, అప్పటి నెలవంకకి వెలుగు ఎడమవైపే ఉంటుందని నాకు తెలీదా? ఆవిడ రాత్రి డ్యూటీ దిగి మొదటి బస్సు కోసం చూస్తోంది. నలభై ఒక్క ఏళ్లు నేను ఆ చంద్రుడి కిందే డ్యూటీకి నడిచాను. ఇంత ఖచ్చితంగా వేసినవాళ్లని ఇంతవరకు చూడలేదు."

"మరి ఊరంతా తప్పని ఎందుకు చాటుతున్నావు?"

"బాగుందని చాటితే ఎవడొస్తాడు? ఇంకా పన్నెండు రోజులుంది. నీకు పుణ్యముంటుంది, నోరు మెదపకు."

ఇమ్కె కత్తి పట్టుకునే స్తంభం చుట్టూ తిరిగి వచ్చింది. "మరైకెకి తెలుసా?"

ఆయన తప్పు చేసిన పిల్లాడిలా నేల చూశాడు. "మొదటి రోజే చెవిలో చెప్పాను. నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది."

"నా మబ్బు సంగతి కూడా ఇంతేనా?" అంది ఇమ్కె ఆశగా.

"నీ మబ్బు నిజంగానే తప్పమ్మా."

ఆయనకి పెట్టబోయిన కేకు ముక్కని ఇమ్కె సగం చేసింది. మళ్లీ ఏమనుకుందో, రెండు ముక్కలూ ఆయన పళ్లెంలోనే వేసింది.

అంతలో వాన కోట్లు వేసుకున్న మొగుడూ పెళ్లాలు గుమ్మంలోకి వచ్చారు. "ష్ట్రాల్జుండ్ ఊరి నుంచి పనిగట్టుకుని వచ్చామండీ. ఇక్కడెక్కడో చంద్రుడు తప్పుగా ఉన్నాడటగా?"

"ఘోరమండీ!" అంది ఇమ్కె, ఎదురు వెళ్లి వాళ్ల గొడుగు అందుకుంటూ. "కుడిచేతి గోడ మీద, చివరిది. ఒక్క చూపుకి అంతు పట్టదు. కుర్చీలు వేయిస్తాను, కూర్చుని చూడండి."