పసుపు మహాతారను కుట్టిన పిన్ని

గుడారాల దుకాణంలో ఆమెకు దక్కిన పని మొదటినుంచీ అంచులు కుట్టడమే. కోడలిగా వచ్చిన కొత్తలో మామగారు సూది చేతికిచ్చారు గానీ కత్తెర ఇవ్వలేదు. గుడ్డ కోయడం ఇంట్లో మగవాళ్ల పని. మామగారి తరువాత ఆ కత్తెర బావగారి చేతికి వెళ్లింది. భర్త పోయాక కూడా ఆమె మిషను ముందునుంచి లేవలేదు. అంచులు కుడుతూనే జుట్టు నెరిసిపోయింది. వీధిలో అందరికీ ఆమె గుడారాల పిన్ని.

అక్క కూతురు తారామండలంలో పిల్లలకు ఆకాశం గురించి చెప్పే ఉద్యోగం చేస్తోంది. ఒక మధ్యాహ్నం వచ్చి, హాల్లో గాలి నింపి నిలబెట్టడానికి ఒక నక్షత్రం కుట్టి పెట్టమంది. బావగారు నవ్వేశారు. వానాకాలం పనులు మెడమీదున్నాయి, అంతగా కావాలంటే మీ పిన్నినే కోసుకోమను అన్నారు. ఎగతాళికే అన్నారు. ఆమె మాత్రం బల్లమీది కత్తెర అందుకుంది.

అది పసుపు మహాతార అట. కడుపులోని హైడ్రోజన్ మండి అయిపోయాక ఉబ్బిన నక్షత్రం. రంగు ఇంచుమించు మన సూర్యుడిదే, పైన వేడి కాస్త తక్కువ. అడ్డంగా కొలిస్తే మాత్రం సూర్యుడికి పదింతలు, వెలుగు పదుల రెట్లు. సూర్యుడు బంతైతే ఇది గదంత ఉండాలని అమ్మాయి చేతులు చాపి చూపించింది.

అంత పెద్దది నిలబడాలంటే గట్టి గుడ్డే కావాలనుకుని ఆమె లారీలకు కప్పే టార్పాలిన్ తీసుకుంది. కమలాతొనల్లా ముక్కలు కోసి కుట్టింది. తీరా హాల్లో ఫ్యానుతో గాలి నింపితే అది సగం లేచి, పక్కకు ఒరిగి, చతికిలబడింది. బావగారు బయటికి నడిచారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

కూలిన గుడ్డను మడతపెడుతూ, ఇంత భారీ నక్షత్రం అసలెలా నిలబడుతుందే అని అడిగింది.

“బరువు చాలావరకు నడిమధ్యనే ఉంటుంది పిన్నీ. పైపొరలు మనం పీల్చే గాలికన్నా పల్చన. పొంగిందే తప్ప ఒళ్లు చేసింది కాదు.”

“ఆ ముక్క ముందే చెప్పొద్దూ!”

మర్నాడే గొడుగులకు వాడే పల్చటి పసుపు గుడ్డ తెప్పించింది. తొనలు సన్నంగా కోసింది. నడిమధ్యకు బరువైన దీపం పెట్టి, దాన్ని పైకప్పు నుంచి తాడుతో దించింది. ఆ బరువు గుడ్డమీద పడకుండా చూసుకుంది.

ప్రారంభం రోజు ఉదయం ఫ్యాను తిరగ్గానే గుడ్డ అలలు అలలుగా లేచింది. ముడతలు ఒక్కొక్కటే విప్పుకుంటూ, ఉబ్బి, గుండ్రమై, జనాన్ని వెనక్కి జరిపింది. దీపం వెలగగానే హాలంతా పసుపైపోయింది. పక్కన కట్టిన బంతంత సూర్యుడు దాని ముందు వెలవెలబోయాడు. పిల్లలు నోళ్లు తెరిచి చూస్తూ ఉండిపోయారు. ఎవరు కోశారని తారామండలం పెద్దసారు అడిగారు. ఆమె నోరు విప్పేలోపే వెనక వరుసలోంచి బావగారు లేచారు.

“మా మరదలండీ. కోతా తనదే, కుట్టూ తనదే.”

చప్పట్లు మోగుతుంటే ఆమె తలెత్తి నిలబడింది. ముఖం దాచుకోవాలనిపించలేదు.

కొన్నాళ్లకు వేరే ఊరి తారామండలం వాళ్లు ఎర్ర మహాతార కావాలని వచ్చారు. అది దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దదట. ఆమె అప్పటికే కత్తెర నూరుకుంటోంది.

“మన దుకాణంలో పట్టదేమోనమ్మా,” అన్నారు బావగారు.

“వీధిలో పరుద్దాం బావగారూ.”