నేను పంచిన నొప్పుల గోలీలు

పత్తి ఏరే రోజుల్లో మధ్యాహ్నం చాయ్‌తో పాటు నొప్పుల గోలీలు కూడా చేనికి పట్టుకుపోవడం మా పాలకుర్తి వైపు మామూలే. నడుము పట్టేసినవాళ్లు ఒకటి మింగి మళ్లీ వంగుతారు, ఏరడం ఆగదు. నేనే నా చేత్తో పంచేవాణ్ని. అదేదో దయ అనుకునేవాణ్ని. కూలీలతో సమానంగా ఏరే నా భార్యకైతే రెండు ఇచ్చేవాణ్ని, సొంత మనిషి కదా అని.

పోయినేడు ఆమె కాళ్లు ఉబ్బాయి. జనగామ దవాఖానలో పరీక్షలు చేసిన డాక్టరమ్మ, మూత్రపిండాలు సరిగా వడకట్టడం లేదంది. నా భార్య, "జల్లెడ లెక్కనా అమ్మా?" అని అడిగింది.

"గట్లనే. రక్తం సన్నటి నాళాల ముడులల్లకు వస్తది. రక్తకణాలు, మాంసకృత్తులు రక్తంలనే ఉంటయి. నీళ్లు, ఉప్పు, చక్కెర, మురికి కిందికి దిగుతయి. అవి సన్నటి గొట్టంల పోతుంటే, పనికొచ్చేవాటిని ఒళ్లు మళ్లీ రక్తంలకు గుంజుకుంటది. మిగిలిందే మూత్రం."

"మా ఆయన గూడ గంతేనమ్మా. ముందు అన్నీ బయట పారేస్తడు, తర్వాత ఒక్కోటి ఇంట్లకు ఏరుకొస్తడు."

డాక్టరమ్మ నవ్వింది. గోలీల సంగతి విన్నాక నవ్వు ఆగిపోయింది. అవి మూత్రపిండాలకు చేరే రక్తాన్ని తగ్గిస్తాయట. ఒంట్లో నీళ్లు తక్కువైతే ఇంకా చేటట.

"ఎండల పని చేసుకుంట నీళ్లు తాగవా?"

"తాగితే నడుమల ఒంటికి పోవాలె గదమ్మా. గీ మనిషి పొద్దంత గట్టు మీదనే కూసుంటడు. ఆడోళ్లం ఈయన చూపు తప్పి ఎటు పోతం?"

వాళ్లు నీళ్ల జోలికి పోకపోతే పని మీద శ్రద్ధ అనుకుని ఇన్నేళ్లూ మెచ్చుకున్నాను.

గోలీలు మానిన నెలకు మళ్లీ పరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం చదువుతున్నంతసేపు నేను నేలకేసే చూశాను. మూత్రపిండాలు చాలావరకు కోలుకున్నాయని, పూర్తిగా కాదని చెప్పింది. ఇకమీదట ఉప్పు తగ్గించమని, ఆ గోలీ ముట్టొద్దని హెచ్చరించింది.

ఈ ఏడు మొదటి ఏరుడు రోజున నేను చెప్పులేసుకుంటుంటే నా భార్య గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నువ్వెటు? మా పత్తి మేం ఏరుకుంటం. నువ్వు కూర వండి పంపు. ఉప్పు జర చూసెయ్యి."