రివర్స్ ఎటువైపు

మా మామగారి చిన్న ట్రాక్టరును ఆయన తప్ప ఇంకెవరూ నడపకూడదు. పెళ్లై చందర్లపాడు దగ్గరి ఆ ఊరికి వచ్చిన కొత్తలోనే నాకీ సంగతి అర్థమైంది. కుర్రతనంలో ఆయన ఒక క్రైస్తవ మిషన్ వారి తోటలో మాలీగా పనిచేశారు. గడ్డి కోయడానికి, సాళ్ల మధ్య దున్నడానికి అక్కడి దొరలు ఓడలో తెప్పించుకున్న బండి అది. ఒకటే సిలిండరు, నడుమెత్తు ఉంటుంది. ఆ తోట మూతపడి పాత సామాను అమ్మేస్తుంటే ఈయన దాన్ని కొని తెచ్చుకున్నారు. మా జామతోటలో చెట్ల మధ్య పెద్ద ట్రాక్టరు తిరగదు. ఇది తిరుగుతుంది.

ఆ బండికి స్టార్టరు వేరు, డైనమో వేరు కాదు. ఇంజను పక్కన సొరకాయంత మోటారు ఒకటి, బెల్టుతో ఇంజనుకు కలిపి ఉంటుంది. బ్యాటరీ కరెంటు అందితే అది తిరిగి ఇంజన్ను లేపుతుంది. ఇంజను లేచాక అదే బెల్టు దాన్ని తిప్పుతుంది, అప్పుడది తిరిగి బ్యాటరీని ఛార్జి చేస్తుంది. నిరుడు వానలు మొదలైనప్పుడు ఆ మోటారు మూలగసాగింది. కొన్నాళ్లకు మూలగడం కూడా మానేసింది. మామయ్యగారు తాడు చుట్టి లాగి ఇంజను లేపేవారు. డెబ్బై దాటిన మనిషి. ఒకరోజు అలా లాగుతూ లాగుతూ భుజం పట్టుకుని గట్టు మీద కూలబడిపోయారు. సాళ్లలో గడ్డి మోకాలెత్తు పెరిగిపోయింది.

"జగ్గయ్యపేటలో చూపిద్దాం నాన్నా" అన్నారు మా ఆయన. ఆయన ఉద్యోగం అక్కడే, ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో.

"ఇలాంటి బండి చూసినోడు పేటలో ఎవడున్నాడ్రా? ఊడదీసి సగం సామాను పోగొడతారు."

"నేను చూస్తా మావయ్యగారూ" అన్నాను.

మా నాన్నకు పేటలో మోటారు వైండింగు షాపు ఉండేది. చదువుకునే రోజుల్లో సాయంత్రాలన్నీ నాకక్కడే గడిచాయి. రాగితీగ చుట్టీ చుట్టీ నా వేళ్లు కాయలు కాసి ఉండేవి. నందిగామ స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక అవి మెత్తబడ్డాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మామయ్యగారు పానాల సంచీ తెచ్చి నా ముందు పెట్టారు.

"ఊడదియ్యి. నేను పక్కనే ఉంటా."

పక్కనే ఉండటమంటే నా భుజం మీద ఆయన ఊపిరి తగిలేంత పక్కన. బెల్టు తీశాను. పొడవాటి బోల్టులు రెండూ విప్పి మూత లాగాను. లోపల తిరిగే ఆర్మేచరును బయటికి తీస్తుంటే "నెమ్మది, నెమ్మది" అంటూ రెండు చేతులూ కింద పెట్టారు, పురిటిబిడ్డను అందుకోబోతున్నట్టు. కరెంటును లోపలికి అందించే కార్బన్ ముక్కలు అరిగి పలుచని పెచ్చులయ్యాయి. అవి రాసుకునే రాగి భాగం బొగ్గులా నల్లబడింది. చివర ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగిపోయి ఆర్మేచరు ఒకవైపు ఒరుసుకుంటోంది.

బుష్ నందిగామ లేతు షాపులో చేయించాను. కార్బన్లు ఆ సైజువి ఎక్కడా లేవు. మా నాన్న షాపు డబ్బాల్లో మిగిలిన పెద్దవి తెచ్చి, గరుకు కాగితం మీద రుద్ది రుద్ది సరిపెట్టాను. రాగి మెరిసేదాకా తుడిచాను. ఆ పని జరిగినన్నాళ్లూ మామయ్యగారు ఒక్కమాట మెచ్చుకోలేదు. ఏదైనా విరుగుతుందేమో అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. నాకూ లోపల అదే భయం. విరిగితే ఈ ఇంట్లో ఆ మాట ఎన్నేళ్లు వినాలో నాకు తెలుసు.

బిగించిన రోజు మధ్యాహ్నం తోటలో మేమిద్దరమే ఉన్నాం. బండి, బోరు మోటారు షెడ్డు గోడకు ఎదురుగా, గోడవైపు కొంచెం వాలులో నిలబడి ఉంది. బెల్టు బిగువు చూడటానికి నేను పక్కన వంగాను. మామయ్యగారు బండికీ గోడకూ మధ్య నిలబడి స్క్రూడ్రైవరు తీశారు. ఆ బండికి తాళం ఎప్పుడో పాడైతే ఆయన దాన్ని పీకేసి వైర్లు నేరుగా కలిపేశారు. స్టార్టు చేయాలంటే స్క్రూడ్రైవరుతో బండి ముందున్న ఆ రెండు కొసలూ కలపాలి. ఆపాలంటే ముందువైపు ప్లగ్గు దగ్గరున్న రేకు నొక్కాలి.

"న్యూట్రల్ చేసారాండీ?" అన్నాను.

"చేసాలే. నువ్వు చెయ్యి తియ్యి."

చెయ్యి తీశాను. నిప్పురవ్వ ఎగిరింది. మోటారు ఒక్క ఊపున తిరిగింది, అబ్బ, ఎంత బాగా తిరిగిందో! ఇంజను అందుకుంది. దాంతోపాటే బండి ముందుకు దూకింది.

ఆయన అరవలేదు. గోడకు వీపు ఆని, రెండు చేతులతో బానెట్టును తోస్తూ నోరు తెరిచారు, శబ్దం రాలేదు. బండి ముందుభాగం ఆయన కాళ్లను గోడకు అదిమేసింది. వెనక చక్రాలు తడిమట్టిని చిమ్ముతూ ఇంకా తోస్తూనే ఉన్నాయి. ఆపే రేకు ఆయన పొట్ట దగ్గర ఇరుక్కుపోయింది. నా చెయ్యి అక్కడికి దూరదు.

సీటెక్కి క్లచ్ తొక్కాను. చక్రాలు ఆగాయి. కానీ వాలు వల్ల బండి బరువంతా ఆయన మీదే ఉంది, ఇంజను కొట్టుకుంటూనే ఉంది. కాలు తీస్తే మళ్లీ తోస్తుంది. దిగి ఆయన్ని లాగడానికి లేదు. వెనక్కి తీయాలి. గేరురాడ్డు మీది గుండు అరిగి నున్నగా ఉంది, ఒక్క గుర్తూ లేదు. ఆ బండిని నేనెప్పుడూ నడపలేదు.

"మావయ్యగారూ, రివర్స్ ఎటు?"

"ఎడమ... ఎడమకి కిందకి."

రాడ్డు మీద చెయ్యి వేశాను. వేసి ఆగిపోయాను. ఆయన నాకు ఎదురుగా ఉన్నారు. ఆయన ఎడమ నాకు కుడి. పొరపాటు పడితే బండి ముందుకే పోతుంది.

"మీ ఎడమా, నా ఎడమా? చెప్పండి!"

కళ్లు మూసుకుపోతున్నాయి ఆయనకు. క్లచ్ మీద నా కాలు జారుతుందేమోనని మోకాలిని చేత్తో అదిమిపట్టాను.

"చెప్పండి మావయ్యగారూ! ఎవరి ఎడమ?"

"సీట్లో... కూర్చున్నోడి ఎడమ."

రాడ్డు ఎడమకు లాగి కిందికి దింపాను. గరగరమని పట్టుకుంది. కాలు కొద్దికొద్దిగా వదిలాను. ఒక్క క్షణం బండి ఎటూ కదల్లేదు. తర్వాత వెనక్కి దూకింది. ఆయన గోడ వెంబడి జారి కూలబడ్డారు. బండి వెనకున్న జామచెట్టుకు గుద్దుకుని ఇంజను ఆగిపోయింది.

పక్క మిరపచేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నా కేకలకు పరుగెత్తుకొచ్చారు. నవ్వారు మంచం మీద రోడ్డుదాకా మోసి, ఆటోలో నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్లాం. కుడి పిక్క ఎముక చిట్లింది. రెండు తొడలూ కమిలి నల్లబడ్డాయి. ప్రాణానికి భయం లేదన్నారు. ఆ మాట విన్నాక గానీ నా చేతులకు ఇంకా గ్రీజు ఉందని చూసుకోలేదు.

మా ఆయన పేట నుంచి వచ్చారు. తండ్రి కట్టు చూసి నావైపు తిరిగారు. "బండి గేర్లో ఎవరు పెట్టారు?"

నేను మామయ్యగారి వంక చూశాను. ఆయన కళ్లు మూసుకున్నారు. నిద్ర కాదని నాకు తెలుసు.

"నేను కాదు" అన్నాను. నా మాట నాకే సాకులా వినిపించింది. పడుకున్న మనిషి మీద ఇంకేం చెప్పగలను?

ఇంటికొచ్చాక అత్తయ్య నాతో మాట్లాడటం తగ్గించేసింది. చూడటానికి వచ్చినవాళ్లకు మాత్రం గొంతు తగ్గించి "కోడలు బాగుచేస్తానంది, అంతా ఆ పూటే జరిగింది" అని చెప్పేది. మామయ్యగారు మంచం మీద వింటూ గోడవైపు తిరిగేవారు. ఆయనకు జావ నేనే పట్టుకెళ్లేదాన్ని. గ్లాసు అందుకునేవారు, నా మొహంలోకి చూసేవారు కాదు. స్కూల్లో పాఠం మధ్యలో కూడా నాకు ఆ "చేసాలే" అన్న గొంతే వినిపించేది.

తోటలోంచి వాకిట్లోకి తోయించిన బండిని ఇంకా ఇంట్లో ఉంచకూడదని మా ఆయన తీర్మానించారు. మైలవరం నుంచి పాత ఇనుము కొనే మనిషిని పిలిపించారు. అతను బండి చుట్టూ తిరిగి, బానెట్టు ఎత్తి, టైర్లు తన్ని చూశాడు. అది కిటికీలోంచి చూసిన మామయ్యగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"దాన్ని ముట్టుకోవద్దను! బండిలో ఏ తప్పూ లేదు. గేర్లో వదిలింది నేను. న్యూట్రల్ చేసారా అని అమ్మాయి అడిగింది. చూడకుండానే చేసానన్నా."

అత్తయ్య కొంగుతో నోరు మూసుకుంది. మా ఆయన వచ్చినతన్ని పంపేసి, నావైపు రాబోయి, మళ్లీ బయటికే వెళ్లిపోయారు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

"ఇన్నాళ్లు నన్నంటుంటే ఊరుకున్నారు. ఇప్పుడు నాకోసం చెప్పారా, బండికోసమా?"

ఆయన కట్టు కట్టిన కాలును చేత్తో మంచం మీద సర్దుకున్నారు.

"బండికోసమే" అన్నారు. "నా పొరపాటని తెలిస్తే ఇంక నన్ను బండెక్కనివ్వరని భయమేసింది. నిన్నంటుంటే వినలేకపోయా. అయినా చెప్పలేకపోయా."

అబద్ధమాడి ఉంటే ఆ రోజు నేనాయన్ని క్షమించి ఉండేదాన్ని కాదు. అలాగని వెంటనే మనసు కుదుటపడిందనీ చెప్పను. రెండ్రోజులు జావ అత్తయ్య చేతే పంపాను.

తర్వాత జగ్గయ్యపేట వెళ్లి తాళం, స్విచ్చులు తెచ్చాను. క్లచ్ తొక్కితే తప్ప స్టార్టరుకు కరెంటు అందకుండా వైరింగు చేశాను. సీటు పక్కనే ఆపే స్విచ్చు పెట్టాను. గేరురాడ్డు పక్కన తెల్లరంగుతో గుర్తులు వేశాను. బండిని మళ్లీ తోటకు చేర్చాక మామయ్యగారు అక్కడే కుర్చీ వేయించుకుని, షెడ్డుకు బాగా ఎడంగా కూర్చున్నారు. ఆయన తాళం అడగలేదు. నేను ఇవ్వలేదు.

ముందు ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని సీటెక్కాను. తాళం తిప్పాను. మోటారు చక్కగా తిరిగి ఇంజన్ను లేపింది. మీటరు ముల్లు మెల్లగా ఛార్జింగు వైపు వాలింది.

"ముల్లు ఎటుంది?" అని అక్కణ్నుంచే అడిగారు.

"ఎక్కుతోందండీ."

"అయితే ఒక సాలు వేసి రా."

మొదటి గేరు వేసి చెట్ల మధ్యకు పోనిచ్చాను. గడ్డి తిరగబడి వెనక ఎర్రమట్టి కనిపించసాగింది. చివర మలుపు తిప్పడం చేతకాక జామకొమ్మ ఒకటి విరిచాను. మామయ్యగారు కుర్చీలోంచే ఏదో పెద్దగా అరిచారు. ఇంజను చప్పుడులో సగమే వినబడింది. నేను రెండో సాలులోకి తిప్పాను.