మొత్తుకోని మనిషి

కోరుట్లలో మార్కండేయులు డాక్టరు పొద్దున్నే దవాఖాన తెరవగానే కుర్చీలో కూర్చునేవాడు కాదు. ముందు వరండాలోని బల్లల వెంట నడిచి ఒక్కొక్కరి నాడి పట్టి చూసేవాడు. మాట్లాడకుండా కూర్చున్నవాళ్ల కడుపు కూడా నొక్కి చూసేవాడు. "సారు హాజరు తీసుకుంటుండు, పలుకుండ్రి" అని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. మిలటరీ నుంచి వచ్చిన మనిషి కదా, ఆ అలవాటే అనుకునేవాళ్లు.

అలవాటు మిలటరీదే. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టి, డాక్టరు చదివి సైన్యంలో చేరిన మార్కండేయులు శ్రీలంకకు పోయిన భారత శాంతిసేన గుడారాల ఆసుపత్రిలో పనిచేశాడు. గాయపడ్డవాళ్లు ఒక్కసారిగా వచ్చిపడితే, ఎవరిని ముందు చూడాలో చెప్పే పని అతనిది. ఒకనాడు ఒక గఢ్వాలీ జవాను మందుల పెట్టెకు ఆనుకుని కూర్చుని, "నాకేం కాలేదు సాబ్, వాళ్లను చూడండి" అన్నాడు. మార్కండేయులు నమ్మి ముందుకు కదిలాడు. గంట తర్వాత వచ్చేసరికి జవాను ప్రాణం పోయింది. రక్తమంతా కడుపులోపలే కారిపోయింది. ఆ సంగతి భార్య నీలకు కూడా చెప్పలేదు. తన చూపు మీద తనకే నమ్మకం పోయిందని ఎవరితో చెప్పుకుంటాడు? తన కొలువు గడువు ముగియగానే సైన్యం వదిలి వచ్చి కోరుట్లలో దవాఖాన పెట్టాడు.

1991 ఎండాకాలం. మేడిపల్లి దారిలో పోలీసు జీపు కింద, జనం అన్నలని పిలిచే నక్సలైట్లు పెట్టిన మందుపాతర పేలింది. దారిన పోయే ట్రెక్కరు బండి ఒకటి ఇద్దరిని తెచ్చి అతని వరండాలో దించింది. ఒకరు కానిస్టేబులు విఠల్. ఎడమకాలు నుజ్జయి గావుకేకలు పెడుతున్నాడు. ఇంకొకరు శంకరవ్వ. బీడీల గంపతో రోడ్డు పక్కన నడుస్తుంటే ఏదో రేకు ముక్క వచ్చి పక్కటెముకల కింద తగిలింది. చీరకు చిన్న చిరుగు, అంతే.

మార్కండేయులు విఠల్ తొడకు పట్టీ బిగించి కట్టి రక్తం ఆపాడు. తర్వాత శంకరవ్వ దగ్గర కూర్చున్నాడు.

"నాకేం కాలే సారూ. ముందుగాల గా పోలీసాయనను సూడుండ్రి, పాపం మొత్తుకుంటుండు. నాకు జర నీళ్లియ్యిండ్రి, సాలు."

అతను ఆమె మణికట్టు పట్టి, కడుపు నొక్కి చూశాడు. నాడి సన్నగా పరుగెడుతోంది. కడుపు చెక్కలా బిగుసుకుంది.

వచ్చేటప్పుడు శంకరవ్వ కూర్చునే వచ్చింది; ఇప్పుడు పడుకోబెట్టడానికి ట్రెక్కరులో ఒక్కరికే చోటుంది. జగిత్యాల పెద్దాసుపత్రికి పోయి రావడానికి గంటన్నర.

"ఈమెను ఎక్కించుండ్రి" అన్నాడు.

విఠల్ వెంట వచ్చిన ఎస్సై మీదికొచ్చాడు. "డాక్టర్ సాబ్, మావోని రక్తం కండ్లకు కనవడ్తలేదా? గామె మంచిగ మాట్లాడుతనే ఉన్నది!"

"మీవోని రక్తం బయటికి పోతుండె, ఆపిన. ఈమెది లోపటికి పోతున్నది. అది నాతోని ఆగది."

"మావోనికేమన్నయితే నువ్వు అన్నల డాక్టరువని రాస్త!"

"రాసుకోండ్రి. ముందుగాల గీ సెలైన్ సీస ఎత్తి పట్టుకోండ్రి."

ఎస్సై తిట్టుకుంటూనే సీసా పట్టుకుని బండెక్కాడు.

మార్కండేయులు విఠల్ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నన్నిడిసిపెట్టినవ్ గద సారూ?"

"ఇడిసిపెట్టలే. నీ పక్కకే కూసున్న."

"నువ్వు కూసుంటె కాలు అతుక్కుంటదా?"

మార్కండేయులు ఆ గఢ్వాలీ జవాను సంగతి మొదటిసారి నోరు తెరిచి చెప్పాడు. విఠల్ పళ్లు బిగపట్టి విన్నాడు.

"గట్లయితె ఆమె బతకాలె సారూ. లేకుంటె నా కాలు ఊకెనే పోయినట్టు."

శంకరవ్వ బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని జగిత్యాల డాక్టరు కబురు పంపాడు. విఠల్ కాలు మోకాలి కింద తీసేశారు. అది ఆ గంటన్నరలో పోయిందో, మందుపాతర పేలినప్పుడే పోయిందో ఎవరూ తేల్చలేకపోయారు. ఎస్సై ఏమీ రాయలేదు. పేలుడు జరిగిన రాత్రే మార్కండేయులు నీలకు జవాను సంగతీ, విఠల్ సంగతీ చెప్పాడు. మర్నాడు దవాఖాన తెరిచాడు.

ఇప్పుడు అతనికి అరవై ఏడేళ్లు. సిరిసిల్లలో అన్న ఇంటి పై అంతస్తులో నీలతో ఉంటున్నాడు. నెలకొకసారి బస్సెక్కి కోరుట్ల పోయి, విఠల్ ఇంట్లో అన్నం తిని సాయంత్రానికి తిరిగొస్తాడు.